తోకలో చింతపండు

బహుళ పాడ్యమి

కొండమ్మగారి క్యారేజీ విమానం మళ్లీ వచ్చింది. తోకని ఆడించే సర్వో మోటారులో చారు. పళ్లు అరిగాయి, తీగకి చిలుము పట్టింది.

"మూత గట్టిగా పెట్టమని చెప్పాను కదండీ."

"గట్టిగానే పెట్టానన్నయ్యగారూ. దారిలో అదేం చేస్తుందో నాకేం తెలుసు? అవతల మా ఆయన ఉత్తన్నం తిని, ఇంటికొచ్చి నామీద ఎగిరారు."

ఆయన మా నెత్తిన, ఊరికి అవతలి వైపున్న నెత్తివాడలో పంపుల దగ్గర పని చేస్తారు. నడిచి వెళ్లాలంటే ఊరు సగం చుట్టాలి. విమానమైతే నిలువునా లేచి, ఊరికి నట్టనడుమ వెలిగే నడిమి దీపం పక్కనుంచి అవతలికి పోయి దిగుతుంది. ఊరు పీపాలాగ తిరుగుతోంది కాబట్టి లోపలి గోడనున్న మనకి బరువుంటుంది. నడిమి దీపం దగ్గర దేనికీ ఉండదు. అక్కడ చారు గిన్నెలో కూర్చోదు, బయటికొచ్చి షికారు చేస్తుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ షెడ్డు పుస్తకం నా తరవాత ఎవరో ఒకరు చదవాలి. నా పాత పుస్తకాలు టెలిగ్రాముల్లా ఉన్నాయని మా ఆవిడ దమయంతి అనేది.

సర్వో మార్చాను. తోకలో ఎప్పట్లాగే చింతపండు పిప్పి గడ్డకట్టి ఉంది. గోకి శుభ్రం చేశాను.

మధ్యాహ్నం వార్డు శుభ్రత అధికారి జైనాబీ మైకు పట్టుకుని వీధిలో తిరిగారు. అమావాస్యనాడు నడిమి దీపం ఊడుస్తారట. దీపాన్ని పట్టి ఉంచే తీగలకి చిక్కుకున్నదంతా ఊడ్పు యంత్రం నోట్లోకి పోతుంది. లోపల పిండి చేసి, ఆ పిండితో బకెట్లు పోత పోస్తారు.

దుర్భిణీతో చూశాను. మా వీధికి సూటిగా పైన తీగల మీద ఉన్నవి: లుంగీ ఒకటి, గొడుగు ఒకటి, గాలిపటాలు, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. ఎర్ర విమానం ఒకటి.

ఎర్ర విమానం దమయంతిది. పోయిన ఏడు సరదాకి ఎగరేస్తుంటే తీగలో రెక్క ఇరుక్కుంది. రేపు దించుకుంటాలే అంది. మర్నాడు ఆసుపత్రికి వెళ్లాం. విమానం అక్కడే ఉంది. ఆవిడ లేదు.

దాని మోటారు మంచిది. అలాంటిది ఇప్పుడు దొరకదు. అమావాస్య లోపల దించాలి.


బహుళ తదియ

దించే విమానం తయారైంది. మందుల పెట్టెల థర్మోకోల్, రెండు మూరల రెక్క, పాత టిఫిన్ విమానం మోటారు. ముక్కుకి పొడుగాటి వెదురు పుల్ల, పుల్ల చివర వంకీ. వంకీతో ఎర్ర విమానం రెక్కని తీగలోంచి తప్పించాలి.

నేను విమానాలు కడతాను. ఎగరెయ్యను. మా ఇంట్లో ఆ పని దమయంతిది. వీధిలో మిగతావాళ్లకి దారి ముందే బిగించి ఇస్తాను, వాళ్లు మీట నొక్కి వదులుతారు, దిగేటప్పుడు మాత్రం చేత్తో చూసుకుంటారు. పైన తీగల మధ్య చేత్తో నడపగలిగింది దమయంతీ, ఆవిడ తమ్ముడు పానకాలూ. అందుకని పానకాల్ని పిలిచాను.

వచ్చాడు. విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేం విమానం బావా? కొక్కిరాయిలా ఉంది."

"పని చూసుకో."

"కొక్కిరాయికి నాకేం అభ్యంతరం లేదు. బరువు ఎక్కడ నిలబెట్టావు?"

"పుస్తకంలో చెప్పిన చోట." రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తి చూపించాను. తక్కెడలా నిలిచింది.

వాడు కాసేపు నసిగాడు. "మీ ఇంట్లో చింతపండు ఉందా?"

"ఎందుకు? పప్పులోకా?"

"ఆఁ... పప్పులోకే."

వంటింట్లోంచి తెచ్చి ఇచ్చాను. చొక్కా జేబులో వేసుకున్నాడు. విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి, నావైపు చూసి, "నువ్వు లోపలికెళ్లి మంచినీళ్లు తాగిరా బావా" అన్నాడు. దాహం లేదన్నాను. నిట్టూర్చి రేడియో పెట్టె అందుకున్నాడు.

ఊరు తిరిగే దిక్కుకి ఎదురుగా లేపాడు. అది పద్ధతే. ఎదురు వెళితే బరువు తగ్గుతుంది, బ్యాటరీ మిగులుతుంది. దీపానికి సగం దూరం దాకా బాగానే వెళ్లింది. అక్కణ్ణించి ముక్కెత్తడం మొదలుపెట్టింది. కిందికి నొక్కితే నొక్కినంతసేపు వింటుంది, వదిలితే మళ్లీ ఎత్తుతుంది. చివరికి ఒక చుట్టు చుట్టింది. ఇంకోటి. ఇంకోటి.

"జిలేబీలు వేస్తోంది బావా!"

"దించు."

"దిగమని దానికి నువ్వే చెప్పు!"

వార్డు ఆఫీసు కప్పు మీద పడింది. జైనాబీ బయటికొచ్చి, కప్పు వైపు చూసి, మా వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లారు. అనుంటే బాగుండేది.


బహుళ పంచమి

విమానం తెచ్చుకోవడానికి వార్డు ఆఫీసుకి వెళ్లాను. పనిలో పనిగా అడిగాను, ఊడ్పు వచ్చే పక్షానికి వాయిదా వెయ్యడం కుదురుతుందా అని.

"ఎందుకన్నా?"

"పైన మోటారు ఒకటి ఉంది. మంచిది."

జైనాబీ కలం పక్కన పెట్టి నన్ను చూశారు. ఆవిడ దమయంతి దగ్గర ఎగరెయ్యడం నేర్చుకోబోయి, మొదటిరోజే ఆఫీసు కిటికీ పగలగొట్టి మానేసిన మనిషి.

"అన్నా, మోటారు కోసం ఆపానంటే లుంగీవాడు వస్తాడు. వాడు నిన్ననే వచ్చాడు. అది పెళ్లినాటి లుంగీ అట. గొడుగు తమదేనని ముగ్గురు పేర్లిచ్చారు. అందరి సంగతీ చూస్తే ఇంక దీపం ఊడ్చినట్టే. మసి పట్టి వెలుగు తగ్గింది, నెత్తివాడలో తోటలు సరిగ్గా పెరగడంలేదని రోజూ ఫోన్లు."

"కుర్చీ ఎవరిది?"

"కుర్చీ గురించి ఎవరూ రాలేదు" అన్నారు, కొంచెం తొందరగా. "అమావాస్య అంటే అమావాస్యే అన్నా. ఏమీ అనుకోవద్దు."

ఇక్కడ చంద్రుడు లేడు. అమావాస్య పంచాంగంలో తప్ప ఎక్కడా లేదు. అయినా వాయిదా పడదు.


బహుళ సప్తమి

కొక్కిరాయి ముక్కు అతికించాను. బరువు మళ్లీ చూశాను. పుస్తకంలో చెప్పినచోటే ఉంది. లెక్కలు వేశాను. కాలేజీలో నేర్చుకున్నవన్నీ వేశాను. ఎందుకు చుట్లు తిరుగుతోందో కాగితం మీద తేలింది. కింద బరువు మొయ్యడానికి తోక మీట, అంటే తోక రెక్కని ఆడించేది, కొంచెం ఎత్తి బిగిస్తాం. పైన బరువు లేదు, కానీ బిగింపు అలాగే ఉంటుంది. అందుకని ముక్కెత్తి తిరిగిపోతుంది. కారణం తెలిసింది. ఉపాయం తెలియలేదు. పైకి వెళ్లినకొద్దీ మీట సర్దుతూ పోవాలి, చెయ్యి క్షణం ఏమరకూడదు. దమయంతి ఎలా చేసేదో నేనెప్పుడూ అడగలేదు. చేసేది, అంతే.


బహుళ అష్టమి

కొండమ్మగారి విమానం మళ్లీ. ఈసారి పంకా విరిగింది. మార్చాక అలవాటుగా తోక విప్పాను. చింతపండు. నేను గోకి వారమే అయింది. గోరు పెట్టాను.

"అయ్యో, అది తియ్యకండి!"

కొండమ్మగారు అరిచిన అరుపుకి చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది.

"చారు పిప్పి కదండీ."

"పిప్పేమిటి! శుభ్రమైన చింతపండు, గింజ తీసి, ముద్ద చేసి..." అని ఆగిపోయారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ముద్ద చేసి?"

"ఏం లేదండీ."

"కొండమ్మగారూ."

"దమయంతమ్మగారు పెట్టమన్నారండీ. తోకలో నిమ్మకాయంత. అది ఉంటేనే పైన నిదానంగా వెళుతుంది, చుట్లు తిరగదు. మీరు బాగుచేసినప్పుడల్లా తీసేస్తారు. మేం ఇంటికెళ్లి మళ్లీ పెట్టుకుంటాం."

"మేం అంటే?"

"వీధండీ."

"వీధి మొత్తమా?"

"చివరింటి వాళ్లు పెట్టరు. వాళ్లది చింతపండు కాదు, చలిమిడి."

స్టూలు మీద కూర్చున్నాను. తోక బరువున్న విమానం చేతిలో నిలవదని ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీలో ఉంటుంది. అది నేనూ చాలామందికి చెప్పాను. కానీ తోకలో బరువుంటే మీట ఎత్తి బిగించే అవసరం రాదు. బిగింపు లేకపోతే పైన చుట్లు ఉండవు. నిన్న నా కాగితం మీద లేని ఉపాయం ఇదే. ఇన్నేళ్లూ విమానం తెచ్చిన ప్రతివాళ్లకీ, క్యారేజీలో చింతపండు కారకుండా చూసుకోమని క్లాసు తీసుకున్నాను. అందరూ బుద్ధిగా తలూపారు.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆయన లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి వేస్తారు, భోజనానికి లేవరు, వద్దులే అన్నారండీ."

నిజమే, లేచేవాణ్ణి కాదు.

పానకాలుకి ఫోన్ చేశాను. "నీకూ తెలుసా?"

"ఏది?"

"చింతపండు."

"అక్క ఒట్టు వేయించుకుంది బావా" అన్నాడు. "మొన్న జేబులో పెట్టుకుని అదనుకోసం చూశాను. నువ్వు కొంచెం నీళ్లు తాగుంటే ఈ పాటికి దించేసేవాణ్ణి."


బహుళ దశమి

కొక్కిరాయి తోకలో నిమ్మకాయంత చింతపండు నేనే పెట్టాను. ఎంత బరువో తూచబోయి మానుకున్నాను.

పానకాలు లేపాడు. దారంతా గీత గీసినట్టు వెళ్లింది. సగం దూరం, ముప్పాతిక దూరం. ఒక్క చుట్టు లేదు. నేను దుర్భిణీ పట్టుకుని దారి చెప్తున్నాను. "కొంచెం ఎడమకి. ఇంకొంచెం. అదుగో ఎర్ర రెక్క. జేన దూరం. ఇప్పుడు పుల్ల కిందనుంచి పెట్టు."

కొక్కిరాయి కదల్లేదు.

"పెట్టరా."

పుల్ల చివర రెక్కకి తగిలింది. ఎర్ర విమానం వణికింది. అంతే, పానకాలు కొక్కిరాయిని వెనక్కి లాగేశాడు. కిందికి దించేశాడు. రేడియో పెట్టె నా చేతిలో పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"నా వల్ల కాదు బావా."

"అంతదాకా వెళ్లావు కదా."

"వెళ్లాను. అది విరిగి ముక్కలై పడిందనుకో. పడేసింది నేనవుతాను. ఊరు ఊరంతా చూస్తుంటే, అక్క విమానం. నువ్వు నన్నేమీ అనవు, నాకు తెలుసు. అసలు అదే నేను తట్టుకోలేను."

టీ పెట్టాను. తాగాడు. పంచదార తక్కువైందన్నాడు. ఇంకో చెంచా వేశాను.

ఇక మా ఇంట్లో మిగిలింది నేనే.


బహుళ ఏకాదశి

నేర్చుకోవడం మొదలుపెట్టాను. పానకాలు గురువు.

మొదటి కష్టం: విమానం దూరంగా వెళుతున్నప్పుడు దాని ఎడమ నా ఎడమే. నావైపు వస్తున్నప్పుడు దాని ఎడమ నా కుడి. ఇది నాకు సిద్ధాంతంగా తెలుసు. చేతులకి తెలియదు. కొండమ్మగారు డాబా మీద ఎండబెట్టిన వడియాల మీద దిగాను.

"పర్లేదన్నయ్యగారూ" అన్నారు ఆవిడ, ఏరుకుంటూ. "ఎలాగూ ముక్కలు చేసేవే."

రెండో కష్టం మెడ. పైకి చూస్తూ నిలబడితే ఐదు నిమిషాల్లో పట్టేసింది.

"అక్క నులక మంచం మీద పడుకుని ఎగరేసేది కదా" అన్నాడు పానకాలు.

పడుకునేది. అలిసిపోయి పడుకుందనుకునేవాణ్ణి. మంచం తెచ్చి వీధిలో వేశాం. వెల్లకిలా పడుకుని, రేడియో పెట్టె పొట్ట మీద పెట్టుకున్నాను. మెడ హాయిగా ఉంది. వెళ్లేవాళ్లు ఆగి, ఒంట్లో ఎలా ఉందని అడిగి వెళ్లారు.


బహుళ త్రయోదశి

ఇవాళ సగం దూరం దాకా వెళ్లి, తిరిగి తెచ్చాను. వడియాలు లేవు. దండెం మీద ఆరేసిన దుప్పటి ఒక్కటే తగులుకుంది.

దించేటప్పుడు ఊరు తిరిగే దిక్కుకే రావాలి. అలా వస్తే బరువు పెరిగి, విమానం చెప్పినచోట కూర్చుంటుంది. ఎదురు దిక్కున వస్తే నేలమీద ఆనకుండా తేలుతూనే పోతుంది. దుప్పటి అలా దొరికింది.


బహుళ చతుర్దశి

పానకాలు దుర్భిణీతో తీగలు చూస్తూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు.

"బావా, ఆ కుర్చీ కిందివైపు అచ్చు అక్షరాలున్నాయి. చూడు."

చూశాను. 'శుభ్రత విభాగం, ఏడో వార్డు' అని ఉంది.

జైనాబీ దగ్గరికి వెళ్లాను. కుర్చీ మాట ఎత్తడం ఇష్టం లేదు. పానకాలుకి ఆ ఇబ్బంది లేదు.

"అమ్మా, ఊడ్పు యంత్రం మీ ఆఫీసు కుర్చీని కూడా తింటుందా, లేక గవర్నమెంటు సామాను వదిలేస్తుందా?"

జైనాబీ తలుపు దగ్గరికి వేశారు.

"పోయిన ఉగాదికి మావాళ్లు పందెం వేసుకున్నారు" అన్నారు, గొంతు తగ్గించి. "కుర్చీకి నాలుగు విమానాలు కట్టి ఎగరేస్తే లేస్తుందా లేవదా అని. లేచింది. విమానాలు తిరిగొచ్చాయి."

"మీరెటు కాశారు?"

"లేవదని కాశాను." ఆవిడ మొహం తుడుచుకున్నారు. "అన్నా, వాయిదా నా చేతుల్లో లేదు. యంత్రాన్ని ఏ చివరనుంచి మొదలుపెట్టాలన్నది మాత్రం నా చేతుల్లోనే ఉంది. రేపు తూర్పు మూలనుంచి పెట్టిస్తాను. మీ వీధి మీదికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అవుతుంది. అంతవరకే."

బయటికి వస్తుంటే వెనకనుంచి పిలిచారు.

"ఆ మోటారు జాగ్రత్తగా దించండి."


అమావాస్య

దీపం సగానికి తగ్గించారు. సాయంత్రంలా ఉంది. తూర్పు మూలనుంచి యంత్రం చప్పుడు వినిపిస్తోంది, ఎవరో పెద్ద పీట ఈడుస్తున్నట్టు.

వీధి వీధంతా బయటికొచ్చింది. భోజనాల విమానాలు ఇవాళ పంపకూడదని జైనాబీ చెప్పారు. పనులకెళ్లేవాళ్లంతా పొద్దున్నే పులిహోర కట్టుకుని వెళ్లిపోయారు. కొండమ్మగారు నా మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. పానకాలు దుర్భిణీతో నిలబడ్డాడు.

మొదటిసారి గాలి పక్కకి నెట్టింది. తిరిగి తెచ్చి బ్యాటరీ మార్చాను. రెండోసారి లుంగీకి వంకీ తగులుకుంది. లుంగీ కొక్కిరాయితో పాటు దిగొచ్చింది. ఎవరో చప్పట్లు కొట్టారు. లుంగీ ఆసామి వచ్చి నా కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు.

"అడ్డం లేవయ్యా!" అని అరిచారు కొండమ్మగారు. "ఆయనకి టైము లేదు!"

మూడోసారి లేపేసరికి యంత్రం కనిపిస్తోంది. తీగల వెంట పాకుతూ, గాలిపటాలు ఒక్కొక్కటీ లాక్కుంటూ వస్తోంది.

"పది బారల దూరంలో ఉంది బావా. తొందరేం లేదు. అంటే ఉంది."

ఎదురు దిక్కునే వెళ్లాను. బరువు తగ్గుతుంటే మీటలు మెత్తబడడం చేతికి తెలిసింది. ఆఖర్న మోటారు దాదాపు ఆపేశాను. ఎర్ర రెక్క కనిపించింది.

"కొంచెం ఎడమకి" అన్నాడు పానకాలు. "నీ ఎడమ కాదు, దాని ఎడమ."

వంకీ రెక్క కిందికి వెళ్లింది. నెట్టాను. కదల్లేదు. ఇంకొంచెం నెట్టాను. యంత్రం కుర్చీని మింగింది. మంచి చప్పుడు చేసింది. వార్డు ఆఫీసు కిటికీలో జైనాబీ అటు చూడకుండా నిలబడ్డారు.

ఇక మోటారుకి పూర్తి జోరు ఇచ్చేశాను. కొక్కిరాయి వెళ్లి తీగలో కూరుకుపోయింది. పంకా విరగడం దుర్భిణీ లేకుండానే కనిపించింది. అది ఇంక రాదు. కానీ ఆ దెబ్బకి తీగ ఊగింది. ఎర్ర విమానం రెక్క జారింది. బయటికి వచ్చింది.

"వదిలింది!" అన్నాడు పానకాలు.

నా రేడియో పెట్టె ఇంక దేనికీ పనికిరాదు. ఎర్ర విమానంలో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. దాన్ని నడిపేవాళ్లెవరూ లేరు. దాని మీటలన్నీ దమయంతి ఆఖరిసారి ఎలా పెట్టిందో అలాగే ఉన్నాయి.

పెట్టె కింద పెట్టి చూస్తూ పడుకున్నాను.

మొదట అది పడలేదు. తీగల పక్కనే కొంచెంసేపు తేలింది. తరవాత మెల్లిగా బరువు అందుకుని, ముక్కు దించి, జారడం మొదలుపెట్టింది. చుట్లు తిరగలేదు. ఎడమకి సన్నగా వంగుతూ, పెద్ద గుండ్రం తిరుగుతూ వచ్చింది. మా వీధి మీదినుంచి ఒకసారి వెళ్లింది. మోటారు చప్పుడు లేదు. వీధిలో అందరూ తలలెత్తి దానితోపాటు తిరిగారు. లుంగీ ఆసామి కూడా.

"ఇటు దిగదు బావా" అన్నాడు పానకాలు. "అవతలికి పోతోంది."

నెత్తివాడ మీద ఇంకో గుండ్రం తిరిగింది. ఊరు తిరిగే దిక్కుకి మళ్లింది. అక్కడి తోటల మధ్య, మాకు తలకిందులుగా, దిగి ఆగింది.

పానకాలు దుర్భిణీ దించలేదు. కళ్లు తుడుచుకోవడానికి దాన్ని కొంచెం జరిపాడు.

"నేనూ వస్తాను" అన్నాడు.

వద్దన్నాను. నడిచి వెళ్లాను. ఊరు సగం. దారిలో ఎవరూ పలకరించలేదు, లేదా నేను వినలేదు.

అది కూరగాయల తోట. పెద్దావిడ ఒకరు విమానాన్ని ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. మట్టి తుడుస్తున్నారు. ఎడమ రెక్క అంచు చిట్లింది. మిగతాదంతా బాగుంది.

"మీదేనా బాబూ?"

"మాదేనండీ."

"ఎవరు దించారు దీన్ని? ముప్పై ఏళ్లుగా ఈ గట్టు మీద కూర్చుని విమానాలు చూస్తున్నాను. ఇంత నిదానంగా దింపినవాళ్లని చూళ్లేదు."

"మా ఆవిడండీ."

"మంచి చెయ్యి" అన్నారు. విమానం నా చేతికిచ్చారు. "కాకపోతే రెండు వంగ మొక్కలు విరిగాయి. ఈసారి కొంచెం అవతల దింపమని చెప్పండి ఆవిడతో."

చెప్తానన్నాను.